కష్టకాలంలో ఏది తగ్గించాలి: మనుషులనా, జీతాలనా, పనిరోజులనా?

ఫైలిన్ తుపాను 2013 అక్టోబర్ 12న వచ్చింది. హుద్‌హుద్ సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబర్ 12న వచ్చింది. తిత్లీ 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తీరం దాటింది. మూడూ దసరా రోజుల చుట్టూనే. బోనస్ ఇవ్వాల్సిన నెలలో షెడ్డు రేకులు లేచిపోతే ఏం చేయాలన్నది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఫ్యాక్టరీ నడిపే ప్రతి ఒక్కరికీ తెలిసిన టెన్షనే. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు గాలీ వానా లేవు గాని ప్రశ్న మాత్రం అదే: వచ్చే నెల జీతాలెలా?

ఆ పరిస్థితిలో యజమాని ముందు నాలుగైదు దారులుంటాయి. కొందరిని తీసెయ్యొచ్చు. అందరి జీతం కోయొచ్చు. వంతులవారీగా పని ఇవ్వొచ్చు. కొన్నాళ్లు పని ఆపి సగం జీతం ఇవ్వొచ్చు. లేదా జీతం ఇస్తూనే వేరే పని చేయించొచ్చు. నేను ఇరవై ఏళ్లకు పైగా మిల్లుల్లో మస్టర్లు (హాజరు పట్టీలు), జీతాల పట్టీలు చూసినవాణ్ణి. ఈ దారులన్నీ దగ్గర నుంచి చూశాను. ఎవరికి ఏది నప్పుతుందో నాకు తెలిసినంతలో చెబుతాను.

ముందు ఈ ప్రశ్నలకు జవాబులు రాసుకోండి

మొదటిది, అసలు కొరత దేనిది? ఆర్డర్లు లేకపోవడం ఒక సమస్య. ఆర్డర్లుండి డబ్బు ఆడకపోవడం ఇంకో సమస్య. ఆర్డర్లూ డబ్బూ ఉండి కరెంటు లేకపోవడం మూడోది. తిత్లీ తర్వాత పలాస, వజ్రపుకొత్తూరు, మందస వైపు రోజుల తరబడి కరెంటు రాలేదు. అక్కడ సరుకు అడిగేవాళ్లున్నారు, ఆడించే వీలు లేదు. ఈ మూడింటికీ ఒకే మందు వేస్తే రోగం తగ్గదు.

రెండోది, ఇది ఎన్నాళ్లుంటుంది? ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. అయినా నెలా, మూడు నెలలా, ఏడాదా అన్న అంచనా ఉండాలి.

మూడోది చాలామంది వేసుకోని ప్రశ్న. ఈ మనిషి వెళ్లిపోతే ఇలాంటి మనిషిని మళ్లీ తయారు చేసుకోవడానికి ఎంతకాలం పడుతుంది? జీడిపప్పు యూనిట్‌నే చూడండి. పిక్క కొట్టే ఆడవాళ్ల చేతిలోనే లాభమంతా ఉంది. చెయ్యి తిరిగిన మనిషి కొడితే పప్పు విరగకుండా గుండు గుండుగా వస్తుంది. కొత్త మనిషి కొడితే బద్దలు, ముక్కలు పెరుగుతాయి. అదే 80 కిలోల పిక్కల బస్తా, అదే బాయిలర్, అదే కరెంటు ఖర్చు, కానీ గుండు ధర వేరు, ముక్క ధర వేరు. ఆ తేడా జీతాల పట్టీలో కనిపించదు, అమ్మకాల లెక్కలో కనిపిస్తుంది. అందుకే జీతం మిగిలిందని సంతోషించిన యజమాని ఆరు నెలల తర్వాత నష్టం ఎక్కడిదో తెలియక వెతుక్కుంటాడు.

మన జిల్లాల్లో దీనికి వలస తోడవుతుంది. ఇక్కడ పని పోయిన మనిషి పక్క ఫ్యాక్టరీకి వెళ్లడు. విశాఖకో, హైదరాబాద్‌కో, చెన్నైకో రైలెక్కుతాడు. పిల్లల్ని అక్కడి బడిలో వేశాక మనం పిలిచినా రాడు. నగరాల్లో అయితే మళ్లీ మనుషులు దొరుకుతారన్న ధీమా ఉండొచ్చు, మనకు ఆ ధీమా లేదు.

నాలుగోది, బ్యాంకులో ఎన్ని నెలల జీతాలకు సరిపడా ఉంది? ఐదోది, చట్టం ఏమంటోంది? ఈ చివరిదాన్ని లెక్కతో చూస్తేనే అర్థమవుతుంది.

ఒక చిన్న లెక్క

మీ యూనిట్‌లో 60 మంది ఉన్నారని, తలకు నెలకు 12,000 రూపాయలని, సగటున ఆరేళ్ల సర్వీసు ఉందని అనుకుందాం. నెలకు జీతాలు 7,20,000. అందులో పావు వంతు, అంటే 1,80,000 తగ్గించాలి.

పదిహేను మందిని తీసేస్తే నెలకు సరిగ్గా అంతే మిగులుతుంది. కానీ తీసేయడానికి ఖర్చుంది. ఒక నెల నోటీసు లేదా నెల జీతం, పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం ఇవ్వాలి. తలకు 12,000, ఆ పైన 36,000. అంటే 48,000. పదిహేను మందికి 7,20,000. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం కొత్త నైపుణ్యాలు నేర్చుకునే నిధి కింద ఒక్కొక్కరికి మరో 15 రోజుల వేతనం కట్టాలి. అది 90,000. మొత్తం 8,10,000. నెలకు 1,80,000 చొప్పున మిగిలితే ఈ ఖర్చు తిరిగి రావడానికే నాలుగున్నర నెలలు. గ్రాట్యుటీ వేరే ఉంది. అది ఎప్పుడైనా ఇవ్వాల్సిందే, కానీ డబ్బు లేని నెలలో అందరిదీ ఒకేసారి వచ్చి పడుతుంది.

కాబట్టి కష్టం మూడు నెలలదైతే మనుషుల్ని తీసేయడం డబ్బు మిగిల్చే పని కాదు, డబ్బు పోగొట్టుకునే పని. సంస్థ కాగితాల మీద లేని కూలీలను చెప్పకుండా మానిపించేస్తే ఈ ఖర్చు ఉండదుగా అని కొందరంటారు. అలా చేయడం తప్పు. పైగా ఊళ్లో ఆ మాట ఎన్నేళ్లయినా పోదు.

దారులు ఒక్కొక్కటీ

*తొలగింపు.* కష్టం తాత్కాలికం కాదని, ఆ సరుకుకు ఇక మార్కెట్ లేదని తేలినప్పుడు ఇదే సరైనది. అప్పుడు సాగదీయడం పనివాళ్లకూ అన్యాయమే. వాళ్లు వేరే దారి చూసుకునే సమయం పోతుంది. చట్టం ప్రకారం ఆ విభాగంలో ఆఖరున చేరినవాళ్లు ముందు వెళ్లాలి. అలా కాకుండా చేయాలంటే కారణం రాసి ఉంచాలి. మళ్లీ మనుషులు కావాల్సి వస్తే ముందు వీళ్లనే పిలవాలి. 300 మంది, అంతకు మించి ఉన్న ఫ్యాక్టరీలకు ముందుగా ప్రభుత్వ అనుమతి కావాలి. ఇక మిగిలినవాళ్ల సంగతి. వాళ్లు యంత్రం దగ్గర ఉంటారు గాని మనసు 'తర్వాత ఎవరు' అన్న దాని మీదే ఉంటుంది. ముందుగా వెళ్లిపోయేది బయట పని దొరుకుతుందన్న నమ్మకం ఉన్నవాళ్లు, అంటే మీ దగ్గరున్న వాళ్లలో మంచి పనివాళ్లు.

*అందరికీ జీతం కోత.* వినడానికి న్యాయంగా ఉంటుంది. ఆర్డర్లుండి లాభం మాత్రమే లేనప్పుడు, అందరి చేతులూ కావాల్సినప్పుడు ఇది పనికొస్తుంది. కానీ మన దగ్గర ఒక గట్టి అడ్డంకి ఉంది. చిన్న యూనిట్లలో చాలామందికి ఇచ్చేదే కనీస వేతనం దరిదాపుల్లో ఉంటుంది, దాని కిందికి కోయడానికి చట్టం ఒప్పుకోదు. వేతనం మార్చాలంటే 21 రోజుల ముందు నోటీసు కూడా ఇవ్వాలి. అంటే కోత పెట్టగలిగేది పైవాళ్లకే: మేనేజర్లు, సూపర్‌వైజర్లు, యజమాని తీసుకునే మొత్తం. నిజానికి మొదలవ్వాల్సింది అక్కడే. మేనేజర్ జీతం పావు వంతు తగ్గితే ఇంట్లో సర్దుకుంటారు. పిక్కలు కొట్టే అమ్మకు పావు వంతు తగ్గితే డ్వాక్రా వాయిదా తప్పుతుంది. ఆమె తప్పితే ఆ గ్రూపులో మిగతావాళ్లు ఇంటికొచ్చి అడుగుతారు.

*వంతుల పని, లేఆఫ్.* ఈ రెండిటినీ కలిపి చెబుతాను, ఎందుకంటే కలిపితేనే బలం. సాఫ్ట్‌వేర్ వార్తలు చదివి లేఆఫ్ అంటే తీసెయ్యడం అనుకుంటున్నారు. మన చట్టంలో ఆ మాటకు అర్థం వేరు. మనిషి పేరు మస్టర్‌లోనే ఉంటుంది. కరెంటు, ముడిసరుకు లేకపోవడం, యంత్రం పాడవడం, ప్రకృతి విపత్తు లాంటి కారణాలతో పని ఇవ్వలేకపోతే దాన్ని లేఆఫ్ అంటారు. సగటున 50 మంది, అంతకు మించి పనిచేసే, సీజను పని కాని ఫ్యాక్టరీలో ఏడాది సర్వీసున్న వాళ్లకు ఆ రోజులకు మూల వేతనం, కరువు భత్యంలో సగం ఇవ్వాలి.

మన లెక్కలో అందరికీ నెలలో సగం రోజులు పని, సగం రోజులు లేఆఫ్ పెట్టండి. ఒక్కొక్కరికి 6,000, ఆ పైన 3,000, మొత్తం 9,000 అందుతుంది. సంస్థకు 1,80,000 తగ్గుతుంది. పావు వంతు కోత పెట్టినా ఆ మనిషికి అందేది అదే 9,000. కానీ ఇక్కడ అతని చేతిలో పదిహేను రోజులు ఖాళీగా ఉన్నాయి. వరి కోతలకు వెళ్లొచ్చు, గాలివానకు పడిపోయిన ఇంటి కప్పు వేసుకోవచ్చు. కోతలో ఆ వీలు లేదు, నెలంతా పనిచేయాలి. అందుకే ఆర్డర్లు లేని కష్టానికి నా మొదటి సలహా ఇదే.

దీనికీ హద్దుంది. పన్నెండు నెలల్లో 45 రోజులు దాటితే పరిహారం విషయంలో చట్టం వేరేగా మాట్లాడుతుంది. కాబట్టి నెలకు పదిహేను రోజుల చొప్పున మూడు నెలలకే ప్లాన్ వేసుకోండి. వంతులు ఎవరికి ఎప్పుడన్నది గేటు దగ్గర రాసి పెట్టండి. సూపర్‌వైజర్ తనకు కావాల్సినవాళ్లకు ఎక్కువ రోజులు వేశాడన్న మాట వచ్చిందంటే ఈ పద్ధతి అక్కడితో చెడిపోతుంది.

వేరే దేశాల్లోనూ దీన్ని చూశారు. 2009 మాంద్యంలో జర్మనీ 'కుర్ట్సార్బైట్' పద్ధతిలో పది లక్షలకు పైగా పనివాళ్ల గంటలు తగ్గించి, పోయిన వేతనంలో కొంత ప్రభుత్వం నుంచి ఇచ్చింది. ఉత్పత్తి బాగా పడిపోయినా నిరుద్యోగం పెద్దగా పెరగలేదు. డిమాండ్ తిరిగి రాగానే ఫ్యాక్టరీలకు పాతవాళ్లే ఉన్నారు. మన దగ్గర అలా జీతంలో వాటా ఇచ్చే పద్ధతి లేదు. ఈఎస్ఐ ఉన్న మనిషికి ఉద్యోగం పోతే మాత్రం అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన కింద, షరతులకు లోబడి, 90 రోజుల వరకు కొంత భృతి ఉంది. గడువు ఎప్పటికప్పుడు పొడిగిస్తున్నారు కాబట్టి ముందు ఈఎస్ఐ ఆఫీసులో కనుక్కోండి.

*జీతం ఇస్తూ వేరే పని, శిక్షణ.* ఇది ఖరీదైనది. రెండు మూడు వారాల కష్టానికి మాత్రం దీన్ని మించింది లేదు. తిత్లీ తర్వాత నాకు తెలిసిన ఒక జీడి యూనిట్‌లో కరెంటు లేనన్నాళ్లూ ఆడవాళ్ల చేత తడిసిన పిక్కలు ఏరించి, ఆరబోయించారు. మగవాళ్లు రేకులు సర్దారు, చెత్త ఎత్తారు. రోజు కూలీ ఏ రోజుకా రోజు చేతికిచ్చారు. ఆ వారంలో ఏటీఎంలు పనిచేయలేదు కాబట్టి ఆ నోట్ల విలువ రెట్టింపు. తడిసిన పిక్కలు అలాగే వదిలేస్తే బూజు పట్టి పోయేవి. కరెంటు వచ్చిన రోజు బాయిలర్ ముందు అందరూ ఉన్నారు.

2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత అమెరికా విమాన సంస్థలు వేలాదిమందిని తీసేస్తే సౌత్‌వెస్ట్ ఎవరినీ తీయలేదు, మిగతావాటికంటే త్వరగా కోలుకుంది. మంచి మనసు ఒక్కటే కారణం కాదు. వాళ్లకు అప్పులు తక్కువ, దాచుకున్న నగదు ఎక్కువ. ఈ దారి ఎంచుకోవాలంటే డబ్బు కష్టానికి ముందే ఉండాలి.

| చూడాల్సింది | తొలగింపు | జీతం కోత | వంతులు, లేఆఫ్ | జీతంతో వేరే పని |
|---|---|---|---|---|
| ఎన్నాళ్ల కష్టానికి | ఏడాది, ఆ పైన | మూడు నుంచి ఆరు నెలలు | నెల నుంచి మూడు నెలలు | రెండు, మూడు వారాలు |
| ఎలాంటి కొరతకు | మార్కెట్టే పోయినప్పుడు | పని ఉంది, లాభం లేదు | ఆర్డర్లు, కరెంటు, ముడిసరుకు లేవు | యంత్రాలు ఆగాయి, సరుకు కాపాడాలి |
| వెంటనే చేతి నుంచి పోయేది | చాలా ఎక్కువ | లేదు | తక్కువ | ఎక్కువ |
| చేయి తిరిగినవాళ్లు నిలబడతారా | కష్టం | చెప్పే తీరును బట్టి | చాలావరకు | నిలబడతారు |
| తిరిగి పూర్తి పనికి పట్టే సమయం | నెలలు | వెంటనే | కొద్ది రోజులు | వెంటనే |

ఏ దారైనా, చెప్పే తీరు

అమెరికాలో జెరాల్డ్ గ్రీన్‌బర్గ్ 1990లో ప్రచురించిన ఒక పరిశీలన ఉంది. ఒకే సంస్థకు చెందిన రెండు ఫ్యాక్టరీల్లో పది వారాల పాటు 15 శాతం జీతం కోశారు. ఒకచోట పెద్దాయన స్వయంగా వచ్చి, లెక్కలు చూపించి, ఎందుకో, ఎన్నాళ్లో చెప్పి, అడిగినవాటికి ఓపికగా జవాబిచ్చాడు. రెండోచోట ముక్తసరిగా ప్రకటించి వెళ్లిపోయారు. కోత ఒకటే, అయినా రెండోచోట ఫ్యాక్టరీలో దొంగతనాలు చాలా ఎక్కువగా పెరిగాయి, పని మానేసినవాళ్లూ అక్కడే ఎక్కువ. జీతాలు మళ్లీ మామూలు కాగానే దొంగతనాలు తగ్గాయి.

ఇది చదవకముందే నేను కళ్లారా చూశాను. లాక్‌డౌన్ నెలల్లో నేను పనిచేసిన జూట్ మిల్లులో సగం జీతమే వేశారు. ముందు మాట లేదు, నోటీసు లేదు, బ్యాంకు మెసేజ్ చూసే అందరికీ తెలిసింది. మిల్లు తెరిచాక వీవింగ్‌లో పాతవాళ్లు చాలామంది రాలేదు. వచ్చినవాళ్లలో ఒకాయన నా టేబుల్ దగ్గర నిలబడి అన్నమాట ఇప్పటికీ గుర్తుంది: "కోసినందుక్కాదు బాబూ, మాకో మాటైనా సెప్పలేదు." ఆ జీతాల పట్టీ తయారు చేసింది నేనే. ఆ రోజు గేటు దగ్గర నిలబడి చెప్పమని పైవాళ్లను అడగాల్సింది, అడగలేదు.

చెప్పేటప్పుడు నాలుగు సంగతులు ఉండాలి. డబ్బు పరిస్థితి ఇదీ అన్న నిజమైన అంకె. యజమాని, మేనేజర్లు ముందుగా ఎంత వదులుకున్నారో. ఏ తారీఖున మళ్లీ కూర్చుని మాట్లాడతామో. పరిస్థితి బాగుపడితే మొదట ఎవరికి తిరిగి ఇస్తామో. మెసేజ్‌లో కాదు, మనిషి ముందు నిలబడి, వాళ్ల భాషలో చెప్పాలి.

ఎవరికి ఏది

పలాస, కాశీబుగ్గ వైపు 50 మంది లోపు జీడి యూనిట్ నడిపేవారికి లేఆఫ్ పరిహారం చట్టరీత్యా వర్తించదు. అయినా వంతుల పని పెట్టి, ఖాళీ రోజులకు ఎంతోకొంత ఖర్చులకు ఇవ్వండి. కేజీ లెక్కన కూలీ ఇచ్చే చోట పిక్కలు తక్కువగా ఉంటే ఉన్న పిక్కలనే అందరికీ పంచండి. వేగంగా కొట్టే నలుగురికే ఇస్తే ఆ రోజు పని తొందరగా అయిపోతుంది, సీజను నాటికి మిగతావాళ్లు ఉండరు.

జూట్ మిల్లులు, బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లోని యూనిట్ల లాంటి వాటిలో యూనియన్ ఉంటుంది. నిర్ణయం అయ్యాక కాకుండా ముందే వాళ్లను కూర్చోబెట్టండి. లెక్క వాళ్ల చేతికిచ్చి, ఇంత తగ్గాలి, ఎలాగో మీరూ చెప్పండి అనండి. వంతుల పట్టీ వాళ్లే వేస్తే గొడవ సగం తగ్గుతుంది.

పైడిభీమవరం వైపు మందుల, రసాయనాల ఫ్యాక్టరీల్లో నేను తొలగింపుకు అసలు ఒప్పుకోను, ముఖ్యంగా ప్రొడక్షన్‌లో, మెయింటెనెన్స్‌లో. రియాక్టర్ దగ్గర పదేళ్లు చేసిన మనిషికి శబ్దం మారితే తెలుస్తుంది. అతన్ని తీసి కాంట్రాక్టు మీద కొత్త మనిషిని పెడితే మిగిలే జీతం ఒక్క ప్రమాదానికి చాలదు. ప్రాణం పోతే దానికి లెక్కే లేదు. అక్కడ తగ్గించాల్సింది కొత్త నియామకాలు, ఓవర్‌టైమ్, ప్రయాణ ఖర్చులు, పైవాళ్ల జీతాలు.

విజయనగరంలో బట్టల షాపు, చిన్న ఆసుపత్రి, ప్రైవేటు స్కూలు నడిపేవారికి మనుషులు పది, ఇరవై మందే. విడివిడిగా పిలిచి మాట్లాడండి. ఒకరికి నెల సెలవు కావాల్సి ఉంటుంది, ఇంకొకరి ఇంట్లో పెళ్లి ఉంటుంది. ఇష్టపడి సెలవు తీసుకునేవాళ్లు ముందుకొస్తే మిగతావాళ్ల రోజులు తక్కువగా తగ్గించవచ్చు. స్కూళ్లకు ఒక మాట: వేసవి నెలలకు జీతం ఎగ్గొట్టడాన్ని పొదుపుగా లెక్కేసుకోకండి, జూన్‌లో టీచర్ల కోసం తిరగాల్సింది మీరే.

యజమాని కాకుండా, నాలాగా మధ్యలో ఉండి ఈ కాగితాలు రాసేవారికి: తొలగింపు ఖర్చు, లేఆఫ్ ఖర్చు పక్కపక్కన వేసి పైకి పంపండి. చాలామంది యజమానులు చెడ్డవాళ్లు కారు, భయపడి ఉంటారు. నాలుగున్నర నెలల లెక్క చూపిస్తే ఆగి ఆలోచిస్తారు.

అక్టోబర్‌కు ముందే

సెప్టెంబర్ మొదటి వారంలో ఒక పూట కేటాయించండి. ప్రతి విభాగంలో రెండు పనులు తెలిసినవాళ్లు కనీసం ఇద్దరు ఉన్నారా చూడండి, లేకపోతే ఆ నెలలోనే నేర్పించండి. తుపానుకు సెల్ టవర్లు పడిపోతే ఫోన్ నంబర్ల పట్టిక పనికిరాదు. ఊరి వారీగా పేర్లు రాసి, ఒక్కో ఊరికి కబురు చెప్పే మనిషిని పెట్టుకోండి. ఈఎస్ఐ, పీఎఫ్ నంబర్లు లేనివాళ్లు ఎవరో తీసి నమోదు చేయండి, ఆధార్‌లో పేరు తేడాలుంటే సరిచేయించండి. పీఎఫ్ అడ్వాన్సు అవసరమైన రోజున ఆ ఒక్క అక్షరం తేడాతోనే డబ్బు ఆగిపోతుంది. ఒక వారం కూలీకి సరిపడా నోట్లు అక్టోబర్ అంతా చేతిలో ఉంచుకోండి. కుదిరితే దసరా బోనస్ సెప్టెంబర్ ఆఖరుకే ఇచ్చేయండి. గాలి మొదలయ్యేసరికి ఆ డబ్బు వాళ్ల ఇంట్లో ఉంటుంది.